తూలని ఇంటోళ్ళు

బక్కయ్య చనిపోయిన రోజు ఊరంతా అన్న మాట ఒక్కటే: "ఎంత తాగినా ఒక్కనాడన్న కాలు తడబడ్డదా?"

నలభై ఆరేళ్ళ మనిషి. కడుపు బిందెలా ఉబ్బి, కళ్ళు పసుపు ముద్దలై, కల్వకుర్తి దవాఖాన నుంచి ఆటోలో తిరిగొచ్చిన మూడో రోజుకు పోయాడు. శవం చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆ కడుపు గురించి మాట్లాడలేదు. కాళ్ళ గురించే మాట్లాడారు. కొడుకు ఏసోబు అది విని ఏడుపు ఆపుకున్నాడు. ఆ దుఃఖంలో కూడా మెడ కొంచెం నిలబెట్టాడు.

కల్వకుర్తికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ ఊరు. ఊరికి పడమట రెండు వరి మళ్ళ మధ్య ఒక ఒడ్డు ఉంది. జానెడున్నర వెడల్పు. ఈ కొసన పాతిన రాతి కడీ, ఆ కొసన మోటరు డబ్బా. మధ్యలో నలభై అడుగులు. తాగిన మనిషికి సోయి ఉందా లేదా అని ఎవరికైనా అనుమానం వస్తే ఆ ఒడ్డు మీద నడిపిస్తారు. బురదలో కాలు పెట్టకుండా పోయి వస్తే సోయి ఉన్నట్టు. పెడితే పక్కన కూర్చోవాలి.

ఇది దొర పెట్టిన పద్ధతి. మోటలు తోలే కాలంలో ఎడ్లను బావి అంచు దాకా వెనక్కి నడిపించే జీతగాడు తాగి ఉంటే, ఎడ్లతో సహా బావిలో పడేవాడు. మనిషి పోతే దొరకు నష్టం లేదు గానీ ఎడ్లు పోతే నష్టం. అందుకని పొద్దున్నే జీతగాళ్ళను వరసగా ఒడ్డు ఎక్కించి చూసేవాడట. దొర పోయాడు, మోట పోయింది, బావి పూడిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కూడా వచ్చింది. ఒడ్డు నడక మాత్రం అట్లాగే ఉంది. ఇప్పుడు బండి తాళంచెవి ఎవరికివ్వాలో తేల్చడానికి పనికొస్తోంది.

ఏసోబు ఇంట్లో మూడు తరాలుగా ఆ ఒడ్డు మీద కాలు జారినవాడు లేడు. తాత మోట తోలాడు. తండ్రి బక్కయ్య బావులు తవ్వే క్రేను నడిపాడు. ఊళ్ళో వాళ్ళకు ఇంటిపేరుతో పని లేకుండా పోయింది. "తూలనోళ్ళ ఏసోబు" అంటే చాలు. భూమి లేని ఇల్లు, దర్వాజకు గొళ్ళెం కూడా లేని ఇల్లు. చెప్పుకోవడానికి ఆ ఇంటికి ఉన్నదల్లా ఆ కాళ్ళే.

ఏసోబు పద్దెనిమిదో ఏట మొదటిసారి ఒడ్డు ఎక్కాడు. రెండు సీసాల కల్లు తాగినా వాడికి ఏమీ తాగినట్టు ఉండేది కాదు. ఏమీ అనిపించలేదు కాబట్టి మూడో సీసా అందుకునేవాడు. దోస్తులు మూడో సీసాకే కింద దొర్లుతుంటే, వాళ్ళను ఇళ్ళకు చేర్చే పని వాడిదే. అదొక గొప్పగా ఉండేది. తండ్రి పోయిన నెలకు భార్య సాలమ్మ చంటిబిడ్డను ఒళ్ళో వేసుకుని చెప్పింది.

"నీ కాళ్ళు మంచిగనే ఉన్నయ్, నాకు ఎరుకే. నాకు కావాల్సింది నీ కడుపు. మీ నాయిన కడుపు నేను కడిగిన. నీది కడగ. మా తల్లిగారింటికి పోత."

ఆమె అన్న పని చేసే మనిషి. ఏసోబు ఆ ఏడు మానేశాడు. చర్చిలో అందరూ ప్రార్థన ఫలం అన్నారు. సాలమ్మ ఏమీ అనలేదు. మానడం ఎంత కష్టమైందో ఆయనా ఎవరికీ చెప్పలేదు. తాగుడు మానేశాడు గానీ, తాగినా తూలమన్న గర్వం మానలేదు. ఆ గర్వం తాగడానికి సీసా అక్కర్లేదు గదా.

ఆ చంటిబిడ్డే విజేందర్. డిగ్రీ రెండో ఏడు వదిలేసి డ్రైవింగు నేర్చుకున్నాడు. ఊళ్ళో చోటే మియా సైకిల్ దుకాణం ఎత్తేసి కొత్త ట్రాక్టరు కొన్నాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, జీవితంలో మందు ముట్టలేదు. ట్రాక్టరు నడపడానికి విజేందర్‌ను పెట్టుకున్నాడు.

ఒక రోజు దోస్తు పెండ్లిలో తాగి, మధ్యాహ్నం పనికి వచ్చాడు విజేందర్. పత్తి లోడు మార్కెట్‌కు పోవాలి. చోటే మియా తాళంచెవి పట్టుకుని ఏసోబు కోసం కబురు పంపాడు.

"ఏం ఏసోబు, నీ కొడుకు తాగినట్టుంది. ఇయ్యాల్నా వద్దా? నాకు దాని సంగతే తెల్వదు. ఎంత తాగితే ఎక్కుతదో నాకేం ఎరుక?"

"ఒడ్డు ఎక్కియ్యి చోటే భాయ్. ఒడ్డే చెప్తది."

విజేందర్ ఒడ్డు ఎక్కాడు. ఈల వేస్తూ పోయాడు. మోటరు డబ్బాను ముట్టుకుని, తిరగకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క మట్టిపెళ్ళ రాలలేదు. కల్లు దుకాణం దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అరె, బక్కయ్య తాత దిగిండు రా!"

ఏసోబుకు ఛాతీ నిండిపోయింది. చోటే మియా చేతిలోంచి తాళంచెవి తనే తీసుకుని కొడుకు చేతిలో పెట్టాడు. "మా ఇంటోళ్ళకు ఎక్కది భాయ్. ఫికర్ చేయకు," అన్నాడు.

ఆ తర్వాత చోటే మియా మళ్ళీ అడగలేదు. అనుమానం వచ్చిన రోజు ఒడ్డు చూపించేవాడు, విజేందర్ నడిచేవాడు. రాను రాను అనుమానం వచ్చే రోజులే ఎక్కువయ్యాయి.

ఏసోబు అప్పటికే ఊరి నుంచి పోయి వచ్చే ఒక కొలువులో కుదిరాడు. తెలంగాణ వచ్చిన రెండేళ్ళకు శ్రీశైలం రోడ్డు మీద ఒక పరిశోధన సంస్థ కట్టారు. కట్టేటప్పుడు కాపలాదారుగా చేరి, కట్టినంక ఎలుకల గదిలో ఉండిపోయాడు. పని సులువైందే గానీ శుభ్రంగా చేయాలి. పెట్టెలు కడగాలి, అడుగున మక్కబెండ్ల పొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు నింపాలి. చెప్పులు బయట విడిచి, నీలం బట్టలు, మూతికి గుడ్డ, తలకు టోపీ. ఊళ్ళో "ఎలుకల డాక్టరు" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

ఆ గదిలో ప్రయోగం చేసే పిల్ల హఫ్సా. మహబూబ్‌నగర్ పిల్ల, తండ్రికి బస్టాండు దగ్గర కళ్ళద్దాల దుకాణం. మొదట్లో ఏసోబు "మేడం" అంటే, "మా అబ్బా వయసు నీది, మేడం ఏంది చిచ్చా, సిగ్గు కాదా?" అంది. అప్పట్నుంచి బిడ్డా అనే పిలిచాడు. ఆమె ప్రయోగం ఎలుకలకు మందు పోయడం.

"మా అమ్మీకి మందుల పరిశోధన అని చెప్పిన," అని నవ్వేది హఫ్సా. "అబద్ధం కాదు గదా చిచ్చా. ఇదీ మందే."

గదిలో రెండు రకాల ఎలుకలు ఉండేవి. ఒకవైపు నల్లవి, ఇంకోవైపు తెల్లవి. ఎలుకను తూచి, బరువును బట్టి సూదితో కడుపులోకి సారా ఎక్కించి, కొంచెం సేపాగి, తిరిగే కడ్డీ మీద పెట్టేది. వేలెడు లావు కడ్డీ, జొన్నకంకిని నిప్పుల మీద తిప్పినట్టు మెల్లగా తిరుగుతుంది. ఎలుక దాని మీద అడుగులు వేస్తూ ఉండాలి. పడితే కింద రేకు తగిలి గడియారం ఆగుతుంది. మూడు నిమిషాలు నిలబడితే అదే ఆఖరు, దించేయాలి.

తెల్లవి నలభై సెకండ్లకే టప్పున పడిపోయేవి. నల్లవి నిలబడేవి. ఏసోబు పెట్టెలు తుడుస్తూ ఓరగా చూసేవాడు. నల్లది మూడు నిమిషాలూ నిలబడితే, "మా ఇంటోడే, బక్కయ్య మనుమడే," అని ముసిముసిగా నవ్వేవాడు. ఒక రోజు హఫ్సాకు ఒడ్డు ముచ్చటంతా చెప్పాడు. తాతను, తండ్రిని, ఈలవేస్తూ వెనక్కి నడిచిన కొడుకును. ఆ పిల్ల చేతిలో పెన్ను పట్టుకుని విన్నది.

"ఇవి పుట్టుకతోనే అట్ల చిచ్చా," అంది. "ఎన్నో తరాల నుంచి అన్నాచెల్లెండ్లనే కలిపి పెంచిన్రు. నల్లవాటన్నిటికీ లోపల ఒక్కటే రాత. తెల్లవాటికి ఇంకో రాత. ఒకే మోతాదు పోసినా ఇది పడతది, అది నిలబడతది."

"నల్లది మంచి జాతి అన్నట్టు."

"ఎవరన్నరు? సీసాలు నువ్వే గదా తూస్తున్నవ్."

నిజమే. ఇంకో వరసలో ప్రతి పెట్టెకూ రెండు సీసాలు వేలాడదీసేవాళ్ళు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో సారా కలిపిన నీళ్ళు. ఏది కావాలంటే అది తాగొచ్చు. పొద్దున్నే ఆ సీసాలను తూచి పలక మీద రాసేది ఏసోబే. ఏ సీసా తేలికవుతుందో హఫ్సా కంటే ముందు ఆయనకే తెలుసు. తెల్లవి సారా సీసాను వాసన చూసి పోయేవి. నల్లవి దాన్నే పట్టుకుని ఉండేవి.

"నల్లవే ఎక్కువ తాగుతున్నయ్," అన్నాడు మెల్లగా.

"మనుషులల్ల కూడా గిట్లాంటి లెక్క ఒకటి ఉన్నదని చదివిన. పడుచు వయసుల తాగినా ఎక్కనోళ్ళు ఉంటరు గదా, ముందుముందు తాగుడుల మునిగేది వాళ్ళల్లనే ఎక్కువ మందట. అందరు కాదు చిచ్చా. ఖాయంగ ఎవ్వరం చెప్పలేం. కానీ ఎక్కినోనికి ఒళ్ళు చెప్తది, ఇగ చాలని. ఎక్కనోనికి ఎవరు చెప్తరు?"

ఏసోబు గుడ్డను నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ ముంచాడు. నాయిన కడుపు కళ్ళముందు కదిలింది. అయినా మనసులో ఒక మూల, కొడుకు తాగితే తాగుతున్నాడు గానీ బండి మీద మాత్రం భయం లేదు, కాళ్ళు గట్టివి, అనుకున్నాడు.

ఆ మూల కూడా కూలిపోయింది ఇంకో నెలకు.

హఫ్సా కొత్త పరికరం తెప్పించింది. సన్నటి ఊచలతో అల్లిన పలక, కిటికీ జాలిలా ఉంటుంది. ఎలుక ఊచ మీద ఊచ చూసుకుని అడుగు వేయాలి, లేకుంటే కాలు సందులోంచి కిందికి జారుతుంది. నల్ల ఎలుకకు అదే మోతాదు ఎక్కించి వదిలింది. పది అడుగులు వేయకముందే నాలుగుసార్లు కాలు జారింది. నాలుగోసారి వెనక కాలు ఇరుక్కుని, లాక్కోలేక కీచుమంది.

"ఇది ఇంకోటి గావచ్చు బిడ్డా. నిన్న కడ్డీ మీద నిలబడ్డది కాదు."

"అదే. చెవి కోత చూడు."

చూశాడు. అదే. నిన్న తను "బక్కయ్య మనుమడే" అన్నది దాన్నే.

"కడ్డీ మీద నిలబడ్డదని తాగలేదనుకుంటివా?" అంది హఫ్సా రాసుకుంటూ. "తాగింది. కడ్డీకి కనపడలేదు, అంతే. ఒక్కో నడకది ఒక్కో సంగతి చిచ్చా. ఒక నడకల నిలబెట్టే రాత ఇంకో నడకల నిలబెట్టాలని ఏం లేదు. నేను ఒక్క కడ్డీనే నమ్ముకుంటే మొత్తం తప్పు రాసేదాన్ని."

ఏసోబు సీసాలు కడగడానికి పోయాడు. ఆ పూట రెండు సీసాలు పగిలాయి. చేతిలో సీసా ఉంది, కళ్ళలో తాళంచెవి ఉంది. ఒడ్డు కడ్డీ లాంటిదే గదా. మూడు తరాలు ఒక్క కడ్డీనే నమ్ముకున్నారు.

ఆ ఆదివారం ఏసోబు ఊళ్ళోనే ఉన్నాడు. చర్చి అయిపోయి మధ్యాహ్నమైంది. చోటే మియా ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ఉంది. పక్క ఊళ్ళో ఏదో ఫంక్షనుకు పోవడానికి ఇరవై మంది ఆడవాళ్ళు పిల్లలతో ఎక్కి కూర్చున్నారు. విజేందర్ పొద్దుటి నుంచి బెల్టు షాపు దగ్గరే ఉన్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడే ఒడ్డు మీద పోయి వచ్చి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"ఆగు భాయ్," అన్నాడు ఏసోబు. "ఇయ్యకు."

చర్చికి సున్నం వేసే ఇనుప నిచ్చెన గోడకు ఆనించి ఉంది. తెచ్చి ఇటుకల మీద అడ్డంగా పడేశాడు.

"బిడ్డా, దీని మీద నడువు. మెట్టు మెట్టుకు అడుగెయ్యి."

"ఏంది నాయినా గిది?"

"నడువు. నడిస్తె తాళంచెవి నేనే ఇస్త."

విజేందర్ నవ్వాడు. ఎక్కాడు. మూడో మెట్టుకు కాలు సందులో జారి మోకాటి కింద ముడుసు ఇనుముకు తగిలి చీరుకుంది. లేచి మళ్ళీ మొదటి నుంచి నడిచాడు. ఈసారి రెండో మెట్టుకే జారింది. కల్లు దుకాణం దగ్గర ఎవడో గట్టిగా నవ్వాడు.

"ఎలుకల డాక్టరు కొడుక్కే బోను పెట్టిండురా!"

ట్రాలీలో కూర్చున్న లక్ష్మీనర్సమ్మ కొంగు దులుపుకుంటూ దిగింది. "ఓయమ్మో, ఇన్ని దినాలు వీని వెనక కూసున్ననా నేను!" అంది. మిగతావాళ్ళు పిల్లలను దించుకుని దిగారు. చోటే మియా తాళంచెవిని మెల్లగా జేబులో వేసుకున్నాడు.

విజేందర్ ముడుసు మీద రక్తం తుడుచుకోలేదు. తండ్రికి చాలా దగ్గరగా వచ్చాడు.

"ఒడ్డు మీద నడిస్తె నలుగురిల తాళంచెవి చేతిల పెట్టింది నువ్వే. ఇయ్యాల నలుగురిల ఎలుకను చేసింది నువ్వే. నీకు ఏ కొడుకు కావాల్నో నువ్వే తేల్చుకో నాయినా."

ఏసోబుకు చెప్పడానికి చాలా ఉంది. కడ్డీ గురించి, ఊచల గురించి, తాత కడుపు గురించి. ఇరవై మంది చూస్తున్నారు.

ఇంట్లో సాలమ్మ పొయ్యి ముందు కూర్చుని అంది: "ఇంట్ల చెప్పేది బజార్ల చెప్పినవ్. చెవుల చెప్పేది నిచ్చెన వేసి చెప్పినవ్."

"ట్రాలీల పిల్లలుండిరి సాలమ్మా."

"నిజమే. ఇప్పుడు నా పిల్లగాడు లేడు."

విజేందర్ అప్పటికే బట్టల సంచితో ఇల్లు దాటాడు, సోమవారం పొద్దుటికి కోస్గిలో ఉన్నాడు. అక్కడ వెంకటేష్ అనే రైతుకు రెండు ట్రాక్టర్లు ఉన్నాయి. డ్రైవరు కావాలన్నాడు. అక్కడెవరికీ నిచ్చెన సంగతి తెలియదు.

తండ్రి ఫోను చేస్తే ఎత్తలేదు. తల్లి చేస్తే ఎత్తి, తిన్న, ఉన్న, మంచిగనే ఉన్న అని మూడు మాటలు చెప్పి పెట్టేసేవాడు. హఫ్సా ఏసోబు ముఖం చూసి అడిగి తెలుసుకుని, తన తండ్రికి తెలిసిన ఒక డాక్టరుతో మాట్లాడింది. జిల్లా దవాఖానలో తాగుడు మాన్పించే వార్డు ఉందట. పదిహేను రోజులు పండుకోవాలట. తీసుకొచ్చే పూచీ నీది చిచ్చా, అంది.

ఏసోబు సెలవు పెట్టి రెండు బస్సులు మారి కోస్గికి పోయాడు. బస్టాండు ఎదురుగా హోటల్లో కొడుకు ఎదురుగా కూర్చున్నాడు. మూడు నెలల్లో వాడి బుగ్గలు లోపలికి పోయాయి. చాయ్ గ్లాసు ఎత్తితే సగం సాసర్లో పడింది. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పొద్దుగాల తాగకుంటె గిట్ల వణుకుతున్నయ్ నాయినా," అన్నాడు, కోపం లేకుండా. "కొంచెం పడితె నిమ్మలమైతయ్. నీ ఎలుకలకు గూడ గిట్లనే ఉంటదా?"

"ఉంటది బిడ్డా."

"మరి వాటిని ఏం చేస్తరు?"

ప్రయోగం అయిపోయినంక వాటిని ఏం చేస్తారో ఏసోబుకు తెలుసు. నల్ల సంచిలో మూట కట్టి, కాల్చేసే కొలిమి గదికి మోసేది తనే.

"సారా సీసా తీసేసి నీళ్ళ సీసా ఒక్కటే పెడ్తరు," అన్నాడు. "కొన్ని దినాలు కష్టమైతది. తర్వాత మంచిగైతయ్."

విజేందర్ సాసర్లో పడ్డ చాయ్‌ను మళ్ళీ గ్లాసులోకి ఒంపుకున్నాడు. ఏసోబు దవాఖాన సంగతి చెప్పాడు. హఫ్సా మాట్లాడిందని, తనూ వార్డులోనే వాడి పక్కన ఉంటానని చెప్పాడు. వాడు తల ఊపాడు.

"కంది లోడ్లు నడుస్తున్నయ్. నాలుగు దినాలల్ల ఒడుస్తది. ఆదివారం వస్త నాయినా. ఒట్టు."

"ఇప్పుడే పోదాం రా. నేను వెంకటేష్‌తోని చెప్త."

"వద్దు. మళ్ళ నలుగురిల చెప్పకు."

హోటల్ నిండా మనుషులు. ఏసోబుకు సాలమ్మ మాట గుర్తొచ్చింది. చెయ్యి పట్టి లాక్కుని బస్సు ఎక్కిస్తే వస్తాడా రాడా? ఒకసారి బజారులో చేసిన తప్పు మళ్ళీ చేయకూడదనుకున్నాడు. వాడి తల మీద చెయ్యి పెట్టి, చాయ్ డబ్బులిచ్చి, ఒక్కడే బస్సు ఎక్కాడు. కిటికీలోంచి చూస్తే వాడు రోడ్డు దాటుతున్నాడు. గీత గీసినట్టు నడుస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఎలుకల గది బయట, చెప్పుల దగ్గర పెట్టిన ఫోను మోగింది. వెంకటేష్.

"అన్నా, నేను అడిగిన అన్నా. తాగినట్టున్నవ్ రా, ఇయ్యాల వద్దన్న. నేను తూలను పటేలా, కావాల్నంటె చూడమని నా పొలం ఒడ్డు మీద నడిచి చూపించిండు. పోయిండు, వెనక్కి నడుచుకుంట వచ్చిండు. ఒక్క అడుగు తప్పలే. నేనేం చేస్త అన్నా, తాళంచెవి ఇచ్చిన."

కాలువ కల్వర్టు దగ్గర మలుపు. ట్రాలీ నిండా కంది బస్తాలు. మడ్‌గార్డు మీద కూర్చున్న కూలి మనిషి ఒకడు దూకి బతికాడు. బ్రేకు తొక్కబోతే కాలు పక్కకు జారిందని, మళ్ళీ పెట్టేసరికి బండి కిందికి పోయిందని అతను చెప్పాడు.

శుక్రవారం విజేందర్‌ను ఊళ్ళో మట్టి చేశారు. చర్చి వెనక జాగాలో, బక్కయ్య పక్కన. జనం బాగానే వచ్చారు. పందిరి కింద కూర్చుని ఎవరో ముసలాయన మొదలుపెట్టాడు.

"పాపం, ఎంత తాగినా ఒక్కనాడన్న కాలు..."

"తూలినా బాగుండు," అన్నాడు ఏసోబు.

ముసలాయన ఆగిపోయాడు. ఏసోబు అది గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది. సాలమ్మ తల ఎత్తి భర్త వైపు చూసింది. ఆ రోజు ఆమె ఆయనను చూడటం అదే మొదటిసారి.

చర్చిలో ఆదరణ ప్రార్థన అయినంక చోటే మియా ఇంటి ముందు నుంచి పోతుంటే, ట్రాక్టరు షెడ్డు దగ్గర నిచ్చెన కనబడింది. ఇటుకల మీద అడ్డంగా, కదలకుండా రెండు పక్కలా మట్టి పోసి ఉంది. కొత్త డ్రైవరు దాని మీద మెట్టు మెట్టుకు నడుస్తున్నాడు.

"తీసెయ్ భాయ్," అన్నాడు ఏసోబు.

చోటే మియా కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఎందుకు? నువ్వు చెప్పిందే గదా. ఆ దినం నీ మాట వింటి గనుకనే నా ట్రాలీల పిల్లలు బతికిన్రు."

"దీని మీద గూడ కాలు జారనోడు ఎవడో ఒకడు ఉంటడు. వాడు తాగి నడుస్తడు, నువ్వు తాళంచెవి ఇస్తవ్. ఒడ్డొద్దు, నిచ్చెనొద్దు. నోరు వాసన చూడు. వాసనొస్తె ఇయ్యకు. గంతే."

"నాకు ఆ వాసనే తెల్వదు ఏసోబు. నిన్నటిదేందో, ఇప్పటిదేందో, నాకేం ఎరుక?"

"నాకు ఎరుకే. నేనున్న పూట నన్ను పిలువు. లేని పూట సాలమ్మను పిలువు. ఆమెకు నాకంటె బాగ ఎరుక."

ఇద్దరూ కలిసి నిచ్చెనను పీకి చర్చి గోడకు ఆనించారు. మెట్ల మీద ఎక్కడా మరక లేదు. మూడు నెలల కింది రక్తాన్ని వానలు ఎప్పుడో కడిగేశాయి.

పది రోజులకు ఏసోబు కొలువుకు పోయాడు. హఫ్సా ఆయన చేతిలోంచి బకెట్టు తీసుకుంది. ఆయన మళ్ళీ తీసుకున్నాడు. సీసాలు తూచాడు. పలక మీద రాశాడు. రాస్తూ అడిగాడు.

"బిడ్డా, ఒక్క ముచ్చట చెప్పు. వాని లోపలి రాత నేనిచ్చిందేనా?"

ఆ పిల్ల ఓదార్చాలనే అంది. "నీలోపల కూడా ఉన్నట్టే గదా చిచ్చా. నువ్వు ఆపినవ్ గదా. రాత ఉంటే మాత్రం అట్లనే కావాలని లేదు."

ఏసోబు తల ఊపాడు. తను ఆపింది నిజమే. తనకు సాలమ్మ చెప్పింది, ఇంట్లో, చెవిలో, బిడ్డను ఒళ్ళో వేసుకుని. కొడుకుకు తను తాళంచెవి ఇచ్చాడు. ఆ మాట ఆ పిల్లతో అనలేదు.

"వేరే గదికి మార్పిస్త చిచ్చా. కుందేళ్ళ గది ఖాళీగుంది."

"వద్దు బిడ్డా. ఇక్కడనే ఉంట."

ఆ మధ్యాహ్నం కడ్డీ మీద మళ్ళీ ప్రయోగం ఉంది. కొత్త ఎలుకలు, మొదటి ప్రయోగంలోని నల్లవాటి పిల్లలు. హఫ్సా ఒకదానికి సూది వేసి కడ్డీ మీద పెట్టి, గడియారం నొక్కి, పక్క బల్ల మీద ఇంకోదాన్ని తూస్తోంది. నిమిషం దాటింది. ఎలుక నిలబడే ఉంది. చిన్న చిన్న అడుగులు, తోక సూటిగా చాచి, ఎక్కడా తడబాటు లేదు. నిమిషమున్నర. కడ్డీ తిరుగుతోంది, అది నడుస్తోంది. రెండు నిమిషాలు.

మూడు నిమిషాలు పూర్తి కాకుండా ముట్టుకోకూడదు. ఆ సంగతి ఆరేళ్ళ నుంచి ఆ గదిలో పనిచేస్తున్న ఏసోబుకు తెలియనిది కాదు. గుడ్డ బల్ల మీద పెట్టాడు. చెయ్యి చాపి, తోక మొదట్లో పట్టుకుని, ఇంకో అరచేతిని కడుపు కిందికి పోనిచ్చి, ఎలుకను కడ్డీ మీది నుంచి మెల్లగా దించాడు.

హఫ్సా ఇటు తిరిగింది. గడియారం చూసింది. ఏసోబు చేతులు చూసింది. ఎలుక ఆ అరచేతిలో ఒక పక్కకు ఒరిగిపోయి, లేవలేక కాళ్ళు ఆడిస్తోంది.

ఆ పిల్ల కాగితం మీద ఆ ఎలుక నంబరును ఒక్క గీతతో కొట్టేసి, గడియారం ఆపేసింది.